గోవిందు వంతు

గోవిందు పాటలు కట్టేవాడు. కాగితం మీద కట్టేవాడు కాదు, అతనికి ఓనమాలు దాటి చదువు లేదు. నోటితో కట్టి నోట్లోనే దాచుకునేవాడు. సముద్రం అవతలి దీవిలో, సెయింట్ పియర్ దగ్గర ఒక చెరకు తోటలో, కాంపు అని పిలిచే కూలీల వరసిళ్ళలో పుట్టి, పదో ఏట కత్తి పట్టి, ముప్పై ఆరేళ్ళొచ్చినా దాన్ని దించని మనిషి. తెల్లవారుజామున లేచి, పని చేయించే సర్దారు చూపించిన వరసలు నరికి, పొద్దు వాలాక ఇంటికొచ్చేవాడు. వచ్చేసరికి నోట్లో ఒక పల్లవో సగం చరణమో ఆడుతూ ఉండేది. కాళ్ళైనా కడుక్కోకుండా తిన్నగా బావమరిది నరసింహులు దగ్గరికి పోయి అది పాడేవాడు.

నరసింహులు గోవిందు భార్య నాగమ్మకి తమ్ముడు. పెళ్ళాం పోయాక మళ్ళీ చేసుకోలేదు, పక్క గదిలో ఒక్కడే ఉండేవాడు. అతనూ అదే తోటలో చెరకు నరికేవాడే, కానీ కత్తి దించాడంటే మద్దెల ఎత్తేవాడు. బావ పాడుతుంటే కళ్ళు మూసుకుని రెండుసార్లు వినేవాడు. మూడోసారికి అతని ఎడమ చెయ్యి మద్దెల మీద పడేది. అప్పటిదాకా గాలిలో వేలాడుతున్న పాట అక్కడికి కాళ్ళు ఊనుకుని నిలబడేది. శనివారం భజనలో ఆ పాట వినిపిస్తే కాంపులో ముప్పై తెలుగు కొంపలూ గోవిందుని మెచ్చుకునేవి. నరసింహులు కూడా మెచ్చుకునేవాడు. తనదేమీ లేనట్టు, బావ నోట్లోంచే అంతా ఊడిపడినట్టు మాట్లాడేవాడు. గోవిందు కూడా కాదనేవాడు కాదు.

ఆ ఏడు, అంటే జర్మనీ యుద్ధానికి ముందటి ఏడు, కాంపులో గడ్డి కప్పిన భజన పాక తీసేసి రేకుల గుడి కట్టడానికి తోట దొర ఒప్పుకున్నాడు. కార్తీకంలో గుడి తెరవాలని పెద్దలు అనుకున్నారు. భజన నడిపించే జగ్గయ్య తాతకి అప్పటికే డెబ్భై దాటాయి. ఆరేళ్ళ పిల్లాడప్పుడు తల్లి కొంగు పట్టుకుని కోరంగి రేవులో ఓడెక్కిన మనిషి. కాంపులో ఓడ చూసినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. ఆయనకి ఒక కోరిక పుట్టింది.

"కొత్త గుళ్ళో మొదటి రోజున మన కథే పాడాల," అన్నాడు తాత, అందర్నీ కూర్చోబెట్టి. "మనోళ్ళు ఓడెక్కిన కథ. పొద్దున్న ఎత్తుకుంటే సందేళ దాకా సాగాల. నిరుడు ట్రియోలే ఊరోళ్ళొచ్చి పుస్తకం చూసి పాడి పోనారు. మనకి పుస్తకమెందుకు? గోవిందు ఉన్నాడు."

అందరి తలలూ గోవిందు వైపు తిరిగాయి. మెచ్చుకోలు తలకెక్కితే ఎవరైనా ఒక మాట ఎక్కువే మాట్లాడతారు. గోవిందు గొంతు సవరించుకుని, "కట్టొచ్చు తాతా. కట్టలేక కాదు. పొద్దల్లా నరికి నరికి ఒళ్ళు పులిసిపోతంది. తీరికుంటే నేనేటి కట్టలేను?" అన్నాడు.

పాట కట్టే ప్రతివాడూ, కుండ చేసే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు అనే మాటే అది. అని మర్చిపోతారు. గోవిందు దురదృష్టం ఏమిటంటే, ఆ మాటని నమ్మి దాని మీద పని మొదలుపెట్టే మనుషుల మధ్య అన్నాడు.

"తీరికే కదా బావా," అన్నాడు నరసింహులు. "మేం ఇస్తాం."

లెక్క అక్కడికక్కడే తేలిపోయింది. కోత రోజుల్లో గోవిందు వంతు రోజుకి ఎనిమిది వరసలు. భజన బృందంలో తాతనీ గోవిందునీ తీసేస్తే ఎనిమిది మంది. తలా ఒక వరస ఎక్కువ నరికితే గోవిందు ఇంట్లో కూర్చోవచ్చు. కార్తీకానికి ఆరు వారాలుంది. ఆరు వారాల తీరిక ఏ కవికి దొరికింది? సర్దారు సీతారాం భోజ్‌పురివాడు. తెలుగు పాట ముక్క అర్థం కాకపోయినా రాముడి పేరు వినపడితే తలూపేవాడు. అతన్ని అడిగితే, "నాక్కావల్సింది చెరకు పడటం. ఎవరు పడగొట్టారో నేను చూడను," అన్నాడు. ఆదివారం పొద్దున్న ప్రతి మగవాడూ తోట కొట్టాలు ఊడ్చి పేడ ఎత్తే కొర్వే పని ఒకటుంటుంది కదా, అదెవరు చేస్తారన్న ప్రశ్న వచ్చింది. "బావ కొర్వే నాది," అన్నాడు నరసింహులు, ఎవరూ నోరు తెరవకముందే.

మర్నాడు తెల్లవారుజామున అలవాటు కొద్దీ గోవిందుకి మెలకువ వచ్చింది. బయట మనుషులు నడిచిపోతున్న చప్పుడు, కత్తులు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. నాగమ్మ దుప్పటి అతని భుజాల మీదికి లాగి, "పడుకో," అంది. గోవిందుకి సిగ్గేసింది. రెండో రోజు కొంచెం తక్కువ సిగ్గేసింది. నాలుగో రోజు అసలు వెయ్యలేదు. ఐదో రోజుకి ఆ చప్పుడే వినపడలేదు, అప్పటికి నిద్రలో ఉన్నాడు.

కాంపంతా అతన్ని కొత్త పెళ్ళికొడుకులా చూసుకుంది. పిల్లలు ఆ వైపు ఆడకుండా తల్లులు చెవులు మెలిపెట్టారు. నాగమ్మ కోళ్ళని కూడా వెనకవైపు తోలేసింది. పొయ్యిలో కట్టె విరవాలన్నా గుమ్మం దాటి అవతలికి వెళ్ళి విరిచేది. ఇరవై ఆరేళ్ళుగా నలిగిన ఒళ్ళు అది. ఒకసారి మంచానికి ఆనుకున్నాక లేవనంది. మొదటి వారం గోవిందు తిన్నాడు, పడుకున్నాడు, లేచి టీ తాగి మళ్ళీ పడుకున్నాడు. ఒళ్ళు సర్దుకుంటే పాట దానంతటదే వస్తుందని అనుకున్నాడు. అలా అనుకోవడంలో మోసమేమీ లేదు.

శనివారం భజన దగ్గర అందరూ ఆత్రంగా చుట్టూ చేరారు. "ఎంతవరకొచ్చింది?" అన్నాడు జగ్గయ్య తాత.

ఒక్క ముక్క రాలేదని చెప్పడానికే గోవిందు నోరు తెరిచాడు. ఎదురుగా ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు, చెరకు ఆకు కోసిన గీతలు చేతుల నిండా. "కోరంగి రేవులో జనం ఓడెక్కుతున్నారు," అన్నాడు. తాత కళ్ళు తుడుచుకున్నాడు. ఒక ముక్క వినిపించమని ఎవరో అడిగితే, సగం కట్టిన కథ బయటపెడితే దిష్టి తగులుతుందని గోవిందు తప్పించుకున్నాడు. అదీ నిజమేననుకున్నారు.

రెండో వారం పనిలోకి దిగాడు. పెరట్లో లిచీ చెట్టు కింద చాప వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఓడ" అన్నాడు. ఓడ అక్కడే నిలబడింది. ముందు ఇంకో మాట వేశాడు, వెనక ఇంకో మాట వేశాడు. మాటలన్నీ సంతలో ఒకరినొకరు ఎరగని మనుషుల్లా ఎవరిమటుకు వాళ్ళు నిలబడ్డాయి. చిడతలు తెచ్చి కొట్టి చూశాడు. వాగు దాకా నడిచి వచ్చాడు. నడకలో ఏదో కదిలినట్టయింది కానీ ఇంటికి చేరేలోగా జారిపోయింది. చీకాకేసి మళ్ళీ పడుకున్నాడు. శనివారం మాత్రం, "ఓడ రేవు వదిలింది," అని చెప్పాడు. ఆ మాట విని ఒకడు ఈల వేశాడు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం అతనికి సంగతి తెలిసింది. పెరట్లో ఎవరూ లేరని చూసుకుని, ఊరికే, కత్తి పట్టుకున్నట్టు చెయ్యి ఆడించాడు. వంగి మొదట్లో ఒక వేటు, లేచి కొసన ఒక వేటు, పక్కకి ఒక విసురు, ఆపైన ఒక ఊపిరి. నాలుగోసారి వంగేసరికి పాత పాటలన్నీ ఒక్కసారి కదిలాయి. ప్రతి పాటా ఆ నడకదే. ప్రతి చరణం ఆ ఊపిరి దగ్గరే విరిగింది. ఇన్నేళ్ళూ తన పాటలకి అడ్డమనుకున్న పనే వాటికి తాళం వేస్తూ వచ్చింది. గోవిందు చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది. నాగమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఏటయ్యా, నడుం పట్టేసిందా?" అంటే, "ఆఁ, కొంచెం," అన్నాడు.

ఆ పూటే పోయి చెప్పి ఉండవలసింది. నా కత్తి నాకిచ్చెయ్యండి, పాట అక్కడుందిరా అని చెబితే పోయేది. నవ్వేవాళ్ళు, రెండు రోజులు ఏడిపించేవాళ్ళు, అంతే. నిజానికి అతనికి కావలసినదల్లా ఒక ఆదివారం. ఆరు రోజులు నరికి పోగేసుకున్న ముక్కల్ని ఏడో రోజు పొద్దున్న కొర్వేకి పోకుండా కూర్చుని సర్దుకునే ఒక్క పూట. అది అడిగి ఉంటే ఏ ఒక్కడైనా నవ్వుతూ ఇచ్చేవాడు. తనకెంత కావాలో తెలియక మొత్తం కోత కాలాన్ని అడిగాడు. ఇప్పుడు వెనక్కి ఇవ్వడానికి సిగ్గుపడ్డాడు.

సిగ్గొక్కటే అయితే ఇంత చెప్పుకునే పని లేదు. మంచం తియ్యగా ఉంది. పొద్దెక్కాక లేవడం, వేడి టీ, చెట్టు నీడ, ఎవరూ కేకేసి పిలవకపోవడం, ఇవన్నీ వదులుకోవాలంటే ప్రాణం మీదికొచ్చింది. ఇంకో వారం చూద్దాం, కూర్చుని కట్టడం కూడా అలవాటవుతుందేమో అని తనకి తనే చెప్పుకున్నాడు. ఈ తీపి సంగతి అతను ఎన్నో ఏళ్ళ దాకా నాగమ్మకి కూడా చెప్పలేదు. ఆ శనివారం ఓడకి తుఫాను పట్టించాడు.

నాలుగో వారంలో కాంపులో జ్వరాలు మొదలయ్యాయి. చలీ వణుకూ వచ్చే ఆ జ్వరం ఏటా ఉండేదే, ఆ ఏడు ముందుగా, కోతలు నడుస్తుండగానే వచ్చింది. భజన బృందంలో ఇద్దరు పడకేశారు. ఒకడి పెళ్ళాం నీళ్ళాడింది. ఒకడికి అరికాల్లో చెరకు మోడు దిగింది. ఇవేవీ గోవిందుకి తెలియవు, అతని చెవిన పడకుండా అందరూ జాగ్రత్త పడ్డారు. ఐదో వారం మొదట్లో ఒకరోజు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ నాగమ్మ ఆగిపోయింది.

"నీకు చెప్పొద్దన్నాడు గానీ చెప్పకుండా ఉండలేకపోతన్నాను," అంది. "తమ్ముడు నాలుగు రోజుల్నించి నీ వంతు ఐదు వరసలు ఒక్కడే నరుకుతున్నాడు. వాడి ఎనిమిదీ కాక. తనదొకటీ, పనికి రాలేనోళ్ళవి నాలుగూ వాడే ఎత్తుకున్నాడు."

గోవిందు ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీ మనసు చెదిరిపోతాదంట. బావ నడిసముద్రంలో ఉన్నాడు, కదపొద్దన్నాడు."

గోవిందు చెయ్యి కడుక్కుని లేచాడు. ఇవాళ చెప్పెయ్యాలి అనుకున్నాడు, గట్టిగానే అనుకున్నాడు. నరసింహులు గది తలుపు తీసే ఉంది. లోపల నరసింహులు గోడకి ఆనుకుని కూర్చున్నాడు, ముందర అన్నం పళ్ళెం, సగం తిన్నది. ఒళ్ళో మద్దెల. చెయ్యి కడుక్కోకుండానే నిద్రపోయాడు. రెండు అరచేతులూ పొక్కులు చితికి ఎర్రగా ఉన్నాయి. గోవిందు గుమ్మంలో నిలబడ్డాడు. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. ఆ వేళప్పుడు నరసింహులు నిద్రపోవడం అతను ఎన్నడూ చూడలేదు.

నీడ పడి నరసింహులు కళ్ళు తెరిచాడు. బావని చూడగానే నిటారుగా కూర్చున్నాడు. మొహంలో అలసట ఎటు పోయిందో పోయింది.

"ఎంతవరకొచ్చింది బావా?"

"అదే, నరసింహులూ," అన్నాడు గోవిందు. "అది చెప్పాలనే వచ్చాను."

"నాకు దిష్టేటి, నేను మద్దెలోణ్ణి కదా. నడక చెప్పు చాలు. తుఫానులో ఎలా కొట్టాలో ఆలోచిస్తన్నాను. ఎడం చెయ్యి ఒక్కటే మోగిస్తే? కుడి చెయ్యి ఊరుకుంటాది. లోపల సముద్రం పొంగినట్టు ఉంటాది." చితికిన ఎడమ అరచెయ్యి మద్దెల మీద పెట్టి, మెల్లగా, గుమ్మని ఒకసారి మోగించాడు. నొప్పికి ఒక కన్ను మూసుకుని నవ్వాడు. "బాగుంటాదా?"

ఇప్పుడు చెబితే ఏమవుతుందో గోవిందుకి తెలుసు. ఆ నవ్వు పోతుంది. దాన్ని చూడలేననుకున్నాడు. నిజానికి చూడలేకపోయింది ఆ నవ్వు పోయాక నరసింహులు తన వైపు చూడబోయే చూపుని.

"బాగుంటాది," అన్నాడు. "తుఫాను దాటించేశాను. ఇంకో వారం పడితే ఒడ్డు కనిపిస్తాది."

"అయితే ఇంకో వారం నరికేస్తాను. ఎంతలో," అని నరసింహులు మిగిలిన అన్నం కలుపుకున్నాడు.

ఆ మాట అన్నది మంగళవారం. గురువారం మధ్యాహ్నం మూడింటికి, పన్నెండో వరసలో, నరసింహులు ఎడమ చేత్తో చెరకు గెడ పట్టుకుని కుడి చేత్తో మొదట్లో వేటు వేశాడు. కత్తి గెడ మీద పడలేదు. పక్క వరసలో ఉన్నవాళ్ళు చెప్పారు, కళ్ళు మూతలు పడి తూలాడని. చిటికెన వేలూ, ఉంగరపు వేలూ మొదలంటా పోయాయి. మధ్య వేలు తోలుతో వేలాడింది, దాన్ని ఆస్పత్రిలో తీసేశారు.

తోట ఆస్పత్రి కాంపుకీ పొలాలకీ మధ్య దారి పక్కనే ఉంది. నాలుగు మంచాలు, ముందు ఒక వరండా. కబురు తెలిసి గోవిందు పరిగెత్తాడు. గుమ్మం దగ్గరే ఆపేశారు. మర్నాడూ ఆపేశారు. ఆ మర్నాడు శనివారం మధ్యాహ్నం లోపలికి వదిలారు. అక్కడ పనిచేసే క్రియోల్ ఆవిడ జీనెట్ నీళ్ళ చెంబు పట్టుకుని బయటికి పోతూ, "పా ఫతిగ్ లి," అని తన భాషలో హెచ్చరించింది, అతన్ని అలసిపోనివ్వకు అని. గోవిందు తల దించుకుని మంచం పక్కన కింద కూర్చున్నాడు.

నరసింహులు మొహం పీక్కుపోయింది. ఎడమ చెయ్యి గుడ్డ చుట్టి దిండు మీద పెట్టారు. మద్దెలకి ఎడమ వైపే గొంతు అన్న సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరూ దాని జోలికి పోలేదు.

"కుర్రాళ్ళలో ఎవడో ఒకడు వాయిస్తాడులే," అన్నాడు చివరికి నరసింహులు. "నేను దగ్గర కూర్చుని చెబుతాను. నువ్వు ఆపకు. ఒక ముక్క వినిపించు బావా. ఇంత దూరం వచ్చాక దిష్టేటి."

వినిపించడానికి గోవిందు దగ్గర ఏముంది? ఇక్కడైనా చెప్పెయ్యొచ్చు. కానీ ఇక్కడ చెప్పడమంటే, నీ మూడు వేళ్ళూ నేను మంచం మీద పడుకున్నందుకు పోయాయిరా అని ఆ మనిషి మొహం మీద చెప్పడం. ఏదో ఒకటి పాడాలి. చిన్నప్పుడు తల్లి తిరగలి తిప్పుతూ పాడే పాటొకటి గుర్తొచ్చింది. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ తరవాత ఆ పాట ఎవరి నోటా వినలేదు. కాంపులో ఇప్పుడు పిండి కొట్లో దొరుకుతోంది, తిరగళ్ళు పడేశారు. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

"ఇది ఓడలో ఆడోళ్ళు పిండి విసురుకుంటా పాడుకునే చోటు," అన్నాడు. అంత తేలిగ్గా అబద్ధం రావడం చూసి తనకే ఆశ్చర్యమేసింది. గొంతు తగ్గించి ఎత్తుకున్నాడు.

*తిరుగు తిరుగవె రాయి, పిండి రాలే దాక*
*చెయ్యి నొచ్చెను నాకు, చెల్లెలా రావె*
*చెయ్యి మార్చుకుందాము...*

నరసింహులు కళ్ళు మూసుకున్నాడు. కుడి చేతి వేలు మంచం పట్టె మీద మెల్లగా తాళం వేస్తోంది. గోవిందు పాడుతూనే ఆ వేలు చూస్తున్నాడు. ఆ పాటలో ఒక మెలిక ఉంది. "చెయ్యి మార్చుకుందాము" అన్నాక ఒక్క క్షణం పాట ఆగాలి. తిరగలి పిడిని ఒకావిడ వదిలి ఇంకొకావిడ అందుకునే వ్యవధి అది. కొత్తగా వినేవాడికి అక్కడ ఆగాలని తెలిసే దారే లేదు, ఎంత మద్దెలగాడైనా మొదటిసారి కొట్టుకుంటూ ముందుకి పోతాడు.

నరసింహులు వేలు అక్కడ ఆగింది. సరిగ్గా తిరగలి ఆగినంతసేపు ఆగి, గోవిందు మళ్ళీ ఎత్తుకోకముందే కదిలింది.

గోవిందుకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ తిరగలి పిడికి రెండో పక్కన కూర్చుని పిండి విసిరింది నరసింహులు తల్లి. ఆవిడ ఒళ్ళో చంటి నరసింహులు ఉండేవాడు. ఇతను తాళం అన్నది మొట్టమొదట విన్నది అక్కడే అయి ఉంటుంది. గోవిందు మూడో చరణం మింగేసి, "ఇంతే," అన్నాడు.

నరసింహులు కళ్ళు తెరవలేదు. "బాగుంది బావా," అన్నాడు. కాసేపాగి, "మా అమ్మ విని ఉంటే బాగుండేది," అన్నాడు. తిట్టలేదు, అడగలేదు. ఇంక ఎంతవరకొచ్చిందని కూడా అడగలేదు. జీనెట్ వచ్చి భుజం తట్టేదాకా గోవిందు ఆ కింద అలాగే కూర్చున్నాడు. కాళ్ళ మీద పడితే బాగుండునని ఉంది, అందుకు కూడా సిగ్గే అడ్డమొచ్చింది.

ఆ సాయంత్రం జగ్గయ్య తాత దగ్గరికి పోయి మాత్రం నిజం చెప్పాడు. తాత తన కర్ర కొసకేసి చూస్తూ, "మొదటి వారమే చెప్పొచ్చు కదరా," అన్నాడు. కార్తీకంలో రేకుల గుడి తెరిచినప్పుడు పాత భజనలే పాడారు. ట్రియోలే నుంచి వచ్చిన మద్దెలగాడు వాయించాడు. తాత ఓడ కథ వినకుండానే రెండేళ్ళ తరవాత పోయాడు. అది తరవాతి మాట.

ఆదివారం గోవిందు తన కొర్వే తను చేశాడు. నరసింహులు వంతు కూడా చేశాడు. సోమవారం చీకటితో లేచి, మూల పడున్న కత్తి తీసి, ఐదు వారాల తుప్పు రాయి మీద వదిలించి, సర్దారు సీతారాం ముందు నిలబడ్డాడు. "నా ఎనిమిదీ, నరసింహులు ఎనిమిదీ నాకే ఇవ్వు," అన్నాడు. సీతారాం అతన్ని ఎగాదిగా చూసి వరసలు చూపించాడు.

మెత్తబడ్డ చేతులు మొదటి వరసకే బొబ్బలెక్కాయి. రెండో వరసకి నడుం విరిగిపోయింది. మూడో వరస సగంలో ఉండగా, వంగి ఒక వేటు వేసి, లేచి కొసన ఒక వేటు వేసి, పక్కకి విసిరి ఊపిరి పీల్చేసరికి, ఓడ కథ పల్లవి వచ్చింది. ఎక్కడా అతుకు లేకుండా, ముందే ఎవరో కట్టి పెట్టినట్టు వచ్చింది. గోవిందు పళ్ళు బిగపట్టాడు. ఆపాలని చూశాడు. ఇంకో గెడ నరికితే మొదటి చరణం వచ్చింది, కోరంగి రేవూ, తల్లి కొంగు పట్టుకున్న పిల్లాడూ, అన్నీ. మధ్యాహ్నానికి నాలుగు చరణాలయ్యాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, చేతులు నరుకుతున్నాయి, పాట వస్తూనే ఉంది. ఐదు వారాలు మంచం మీద కూర్చుని పిలిచినా రానిది, ఒక్క పూట పనికి వచ్చేసింది. ఒక్క పూటకి. ఎనిమిది మంది ఒళ్ళు హూనం చేసుకోనక్కర్లేదు, ఎవరి వేళ్ళూ పోనక్కర్లేదు.

పదహారు వరసలూ అయ్యేసరికి పొద్దు బాగా వాలింది. ఇంటిదారి ఆస్పత్రి ముందు నుంచే. నరసింహులు వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. గోవిందు తప్పించుకుపోదామనుకున్నాడు కానీ అప్పటికే అతను చూశాడు.

గోవిందు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నోటి నిండా పాట ఉంది. పెదవి కదిపితే బయటికొచ్చేలా ఉంది. పాడితే ఈ మనిషి రెండుసార్లు వింటాడు, మూడోసారికి ఎడమ చెయ్యి తనకి తెలియకుండానే లేస్తుంది.

"ఏటైనా వచ్చిందా బావా?" అన్నాడు నరసింహులు. ఈసారి అడగడంలో ఆత్రం లేదు. వస్తే బాగుండునన్న ఆశ మటుకు ఉంది.

"ఏం రాలేదు," అన్నాడు గోవిందు.

నరసింహులు అతని చేతుల బొబ్బలకేసి, నెత్తురు చారలు కట్టిన ముంజేతులకేసి చూశాడు. "ఇద్దరి పని ఒక్కడివే సేస్తంటే ఎక్కణ్ణించొస్తాది?" అన్నాడు. "ఇంటికి పోయి కాసేపు పడుకో బావా."